ఉద్యోగం మూట విప్పి చూద్దాం



ఇంటర్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి కాలేజీలు తెరిచేదాకా మన ఇళ్లలో ఒకటే చర్చ. అబ్బాయిని ఏ కోర్సులో చేర్పిద్దాం? అమ్మాయికి ఏ చదువు చెప్పిద్దాం? మొన్నటిదాకా మేనమామో, బావగారో, పక్కింటి సాఫ్ట్‌వేర్ అబ్బాయో ఒక జవాబు చెప్పేవాళ్లు. కంప్యూటర్ సైన్స్‌లో చేర్చండి అనేవాళ్లు. చర్చ అక్కడితో తెగేది. ఇప్పుడు ఆ జవాబు చెప్పేవాళ్లే తడబడుతున్నారు. కృత్రిమ మేధ వచ్చింది. మనమంతా ఏఐ అంటున్నాం. ఉత్తరం రాస్తోంది. లెక్క తేలుస్తోంది. ప్రోగ్రామ్ కూడా తనే రాసిపెడుతోంది. మరి మా పిల్లలకు మిగిలే ఉద్యోగం ఏది అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. సికింద్రాబాద్‌లోని మా బోయిన్‌పల్లిలో అదే ప్రశ్న. మీ ఊళ్లోనూ అదే అయి ఉంటుంది.

ఈ ప్రశ్నకు నేను ఒక ఉద్యోగం పేరు చెప్పను. ఏ పేరు చెప్పినా అది పదేళ్లు నిలబడుతుందని హామీ ఇవ్వగల మనిషి లేడు. పేరుకు బదులు ఒక పద్ధతి చెబుతాను.

ఉద్యోగం అంటే ఒక మూట. బయటి నుంచి చూస్తే ఒకటే మూట. ముడి విప్పితే లోపల పదో పన్నెండో పనులుంటాయి. యంత్రం వచ్చి మూటకు మూట ఎత్తుకుపోవడం తక్కువ. లోపలున్న పనుల్లో ముందు ఒకటి తీసుకుంటుంది. కొన్నాళ్లకు ఇంకొకటి తీసుకుంటుంది. అందుకని ఈ ఉద్యోగం ఉంటుందా, పోతుందా అని అడిగితే సరైన జవాబు దొరకదు. ముడి విప్పాలి. లోపలి పనుల్లో ఏది పోతుంది, ఏది ఉంటుంది, ఏది కొత్తగా వచ్చి చేరుతుంది అని అడగాలి. ఈ పూట నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట గురించే.

అలా అడిగితే ఎంత తేడా వస్తుందో చూడండి. 2013లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కార్ల్ ఫ్రే, మైఖేల్ ఆస్‌బర్న్ అనే ఇద్దరు పరిశోధకులు 702 రకాల వృత్తులను పరిశీలించారు. అమెరికాలో నూటికి 47 ఉద్యోగాలకు యంత్రాల వల్ల గట్టి ప్రమాదం ఉందన్నారు. ఆ అంకె విని చాలా దేశాలు ఉలిక్కిపడ్డాయి. మూడేళ్ల తర్వాత, 2016లో, ఓఈసీడీ అనే దేశాల కూటమి కోసం మరో ముగ్గురు అదే ప్రశ్న వేసుకున్నారు. వీళ్లు వృత్తి పేరు చూసి ఊరుకోలేదు. ఆ పేరు కింద మనుషులు రోజూ ఏమేం పనులు చేస్తున్నారో చూశారు. అంకె నూటికి 9కి దిగింది. యంత్రాలు అవే. ఉద్యోగాలూ అలాంటివే. మూట విప్పి చూసినందుకు 47 కాస్తా 9 అయింది.

ఆ లెక్కలు రెండూ పాతవే, ఒప్పుకోవాలి. 2022 నవంబరు చివర చాట్‌జీపీటీ జనం చేతికి వచ్చింది. రాసే పని, చదివి సారం చెప్పే పని యంత్రానికి వశమయ్యాయి. 2025 మే నెలలో అంతర్జాతీయ కార్మిక సంస్థ కొత్త లెక్క చెప్పింది. ప్రపంచంలో ప్రతి నాలుగు ఉద్యోగాల్లో ఒకదానికి ఈ కొత్త ఏఐ సెగ ఎంతో కొంత తగలవచ్చని చెప్పింది. గుమాస్తా పనులకు అందరికన్నా ఎక్కువ తగులుతుందని చెప్పింది. ఇందులో ఎక్కువ ఉద్యోగాలు పూర్తిగా పోవు, రూపం మారతాయి అని కూడా చెప్పింది.

గుమాస్తా అన్నారు కదా. ఒక గుమాస్తాను మన మార్కెట్‌లోనే చూద్దాం.

బోయిన్‌పల్లిలో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కూరగాయల మార్కెట్ ఉంది. టోకు మార్కెట్. తెల్లవారకముందే లారీలు, ఆటో ట్రాలీలు వచ్చి నిలబడతాయి. హమాలీలు సరుకు దించుతుంటారు. అడ్తి దుకాణం ముందు గుమాస్తా ఉంటాడు. ఇతను ఏం చేస్తాడు అంటే లెక్క రాస్తాడు అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. ముడి విప్పుదాం.

సరుకు దిగగానే ఎన్ని సంచులు, ఎన్ని క్రేట్లు అని చూస్తాడు. కాంటా మీద తూకం చూసి రాసుకుంటాడు. కాయను చేత్తో పట్టుకుని, ఇది ఈ పూటే అమ్ముడుపోవాలా, రేపటిదాకా ఆగుతుందా అని తేలుస్తాడు. ఖరీదుదారుల్లో ఎవరు రొక్కం ఇస్తారో, ఎవరు పది రోజులు తిప్పుతారో అతనికి తెలుసు. ఖర్చులు తీసేసి రైతుకు తక్‌పట్టీ, అంటే అమ్మకం లెక్క చీటీ, రాసిస్తాడు. ఊళ్లో ఉన్న రైతుకు ఫోన్ చేసి ధర చెబుతాడు. ధర పడిపోయిన రోజున ఆ రైతు కోపం, ఏడుపు ముందుగా వినేది అతనే.

ఇందులో యంత్రం ఏం తీసుకుంటుంది? లెక్క కట్టడం తీసుకుంటుంది. తక్‌పట్టీ రాయడం తీసుకుంటుంది. ధర సందేశం దానంతట అది రైతు ఫోన్‌కు పోతుంది. ఫొటో చూసి కాయ రంగు, సైజు చెప్పే సాఫ్ట్‌వేర్ కూడా వచ్చింది. అంటే గుమాస్తా రోజులో సగం పని పోయినట్టే. ఇది చిన్న మాట కాదు. నేను దాన్ని చిన్నది చేసి చెప్పను.

మిగిలిన సగం చూడండి. క్రేటు పైవరసలో గట్టి కాయలు, అడుగున మెత్తబడినవి ఉంటే, చేయి లోపలికి పెట్టి చూడాల్సింది మనిషే. బాకీ తిప్పే ఖరీదుదారుకు ఈసారి సరుకు ఇవ్వాలా వద్దా అని నిర్ణయించి, ఆ నిర్ణయానికి పూచీ పడాల్సింది మనిషే. రైతుతో మాట్లాడాల్సింది మనిషే.

ఇంకో పని కొత్తగా వచ్చి చేరుతుంది. యంత్రం చేసినదాన్ని సరిచూసే పని. తక్‌పట్టీలో 140 కిలోలు పడాల్సిన చోట 1,400 కిలోలు పడిందనుకోండి. యంత్రం తడుముకోదు. తప్పు అంకెను కూడా ఒప్పు అంకె అంత ధీమాగా వేస్తుంది. ఈ సరుకు చిన్న ఆటో ట్రాలీలో వచ్చింది, అందులో 14 క్వింటాళ్లు ఎట్లా పడతాయి అని ఒక గుమాస్తా వెంటనే పట్టుకుంటాడు. ఇంకో గుమాస్తా తెర మీద అంకె చూస్తాడు తప్ప బండిని చూడడు. అతను పట్టుకోలేడు. ఇద్దరి ఉద్యోగం పేరు ఒకటే. ఇద్దరి జీతం ఇవాళ ఒకటే కావచ్చు. పని తగ్గిన రోజున యజమాని ఎవరిని ఉంచుకుంటాడో వేరే చెప్పాలా?

మన తెలంగాణ మార్కెట్ యార్డుల్లో తూకం వేసే మనిషిని దడ్వాయి అంటారు. ఎలక్ట్రానిక్ కాంటా రాకముందు ఆ చేతికి ఎంతో విలువ. ఇప్పుడు అంకె అందరికీ కనిపిస్తుంది. రైతుకు అది మేలే. తన సరుకు ఎంత తూగిందో తనే చదువుకుంటాడు. కానీ ఏళ్ల తరబడి కాంటా పట్టిన మనిషి నైపుణ్యానికి విలువ తగ్గింది. మేలు ఒకరికి, నష్టం ఇంకొకరికి. రెండూ నిజమే. యంత్రాల గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండింటిలో ఒకటే చెప్పేవాళ్ల మాట నేను నమ్మను.

ఇదే మార్కెట్‌లో ఇంకో సంగతి ఉంది. అమ్ముడుపోని కూరగాయలు, ఆకులు, తొక్కలు ఇదివరకు చెత్తగా పోయేవి. తర్వాత వాటితో కరెంటు తీసే ప్లాంటు పెట్టారు. హైదరాబాద్‌లోని ఐఐసీటీ, అంటే భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, దీనికి సాంకేతికత ఇచ్చింది. రోజుకు దాదాపు 10 టన్నుల వ్యర్థాల నుంచి 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల వంటగ్యాస్ వస్తాయని లెక్క. 2021 జనవరి 31న ప్రధానమంత్రి మన్ కీ బాత్ ప్రసంగంలో ఈ బోయిన్‌పల్లి ప్లాంటు గురించి చెప్పారు. దేశమంతా విన్నది.

నేను చెప్పాలనుకున్నది ఆ పొగడ్త గురించి కాదు, అక్కడి పనుల గురించి. వ్యర్థాల్లోంచి ప్లాస్టిక్, తాళ్లు ఏరాలి. ముక్కలు చేసే యంత్రాన్ని చూసుకోవాలి. గుజ్జు ట్యాంకులోకి పోయాక లోపల సూక్ష్మజీవులు దాన్ని జీర్ణం చేసి గ్యాస్ తయారుచేస్తాయి. పుల్లటి సరుకు మోతాదు మించి పడితే ఆమ్లం పెరిగి గ్యాస్ తగ్గుతుంది. ఎప్పుడు ఎంత వేయాలో తెలిసిన మనిషి కావాలి. జనరేటర్ చూసే మనిషి కావాలి. ఇరవై ఏళ్ల కిందట బోయిన్‌పల్లిలో ఏ తండ్రీ మా అబ్బాయిని కూరగాయల కరెంటు ప్లాంటులో చేర్పిస్తాను అని అనుకుని ఉండడు. అలాంటి ఉద్యోగానికి అప్పుడు పేరే లేదు. ఉద్యోగాల జాబితా పట్టుకుని పిల్లల భవిష్యత్తు వెతకొద్దని నేను అనేది ఇందుకే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పాతవి పోతే కొత్తవి వస్తాయిలే అని కొందరు తేలిగ్గా అనేస్తారు. ప్రపంచ ఆర్థిక వేదిక 2025 జనవరిలో ఒక నివేదిక ఇచ్చింది. 2030 నాటికి 17 కోట్ల కొత్త ఉద్యోగాలు వస్తాయని, 9 కోట్ల 20 లక్షలు పోతాయని అంచనా వేసింది. తీసివేస్తే లాభమే. కానీ ఉద్యోగం పోయినవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లు ఒకరే కాదు. పోయిన ఉద్యోగం ఒక ఇంట్లో, వచ్చిన ఉద్యోగం వేరే ఊళ్లో వేరే ఇంట్లో ఉంటుంది. కాంటా దగ్గర పని తగ్గిన యాభై ఏళ్ల మనిషికి గ్యాస్ ప్లాంటులో పని దానంతట అది వచ్చి ఒళ్లో పడదు. ఎవరో నేర్పాలి. నేర్చుకునే రోజుల్లో ఇల్లు గడవాలి.

ఉద్యోగాలు ఎలా తగ్గుతాయో కూడా తెలుసుకోవాలి. సికింద్రాబాద్ స్టేషన్‌నే తీసుకుందాం. రైల్వే రిజర్వేషన్ కంప్యూటర్ చరిత్రలో మన సికింద్రాబాద్‌కు చోటుంది. కాన్సర్ట్ అనే సాఫ్ట్‌వేర్ దేశంలో మొదట నడిచింది 1994 సెప్టెంబరులో ఇక్కడే. 1999 ఏప్రిల్ నాటికి ఢిల్లీ, కోల్‌కతా, ముంబయి, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు అయిదూ ఒకదానితో ఒకటి కలిశాయి. ఎక్కడ కూర్చునైనా ఎక్కడి బండికైనా టికెట్ తీసుకునే వీలు వచ్చింది. 2002లో ఇంటర్నెట్ టికెట్ వచ్చింది. ఇవాళ రిజర్వేషన్ టికెట్లలో నూటికి 80కి పైగా ఆన్‌లైన్‌లోనే తీస్తున్నారు.

మరి కౌంటర్ గుమాస్తాలను రోడ్డు మీదికి పంపేశారా? అలా జరగలేదు. ఉన్నవాళ్లు ఉన్నారు. పదవీ విరమణ దాకా పనిచేశారు. కానీ అంతమంది కొత్తవాళ్ల అవసరం లేకుండా పోయింది. ఉద్యోగం పోవడం చాలాసార్లు ఇలాగే జరుగుతుంది. లోపలున్న మనిషిని బయటికి పంపరు. బయటున్న మనిషిని లోపలికి రానివ్వరు. నష్టం ఎవరికి? ఇంకా ఉద్యోగంలో చేరని కుర్రవాడికి. అతని నష్టం ఏ పత్రికలోనూ రాదు. ఎందుకంటే అతను పోగొట్టుకున్న ఉద్యోగం అతనికి ఎప్పుడూ రానేలేదు.

ఏఐ విషయంలో ఇప్పుడు ఇదే కనిపిస్తోంది. 2025 ఆగస్టులో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు జీతాల రికార్డులు చూసి ఒక సంగతి చెప్పారు. ఏఐ సెగ ఎక్కువగా తగిలే ఉద్యోగాల్లో, 22 నుంచి 25 ఏళ్ల వయసువాళ్ల సంఖ్య మిగతావాటితో పోలిస్తే నూటికి 13 వంతులు తగ్గింది. సాఫ్ట్‌వేర్ రాయడం, కస్టమర్ ఫోన్లకు జవాబు చెప్పడం అలాంటివే. అవే ఉద్యోగాల్లో అనుభవం ఉన్న పెద్దవాళ్ల సంఖ్య అలా తగ్గలేదు. ఇది అమెరికా లెక్క. కానీ అమెరికా కంపెనీల పనులే మన హైటెక్ సిటీలో జరుగుతున్నాయి. అందుకని మనకూ పట్టింపు ఉంది.

ఎందుకిలా? కొత్తగా చేరిన పిల్లలకు చిన్న పనులు ఇస్తారు. సులువైన ప్రోగ్రామ్ ముక్క రాయి, ఈ కాగితాలు సరిచూడు, ఈ రిపోర్టుకు మొదటి చిత్తు తయారుచెయ్యి అంటారు. ఆ చిన్న పనులు చేస్తూ చేస్తూ వాళ్లు పెద్ద పనులు నేర్చుకుంటారు. ఇప్పుడు ఏఐ సరిగ్గా ఆ చిన్న పనులనే తీసుకుంది. నాకు అన్నిటికన్నా బెంగగా ఉన్నది ఇక్కడే. చిన్న పని చేయకుండా పెద్ద పని ఎట్లా వస్తుంది? సరిచూసే నేర్పు ఉన్నవాడికే రేపు ఉద్యోగం అంటున్నాం. ఆ నేర్పు వచ్చే దారి మూసుకుపోతే ఎలా?

దీనికి ఒక జవాబు బోయిన్‌పల్లిలోనే ఉంది. 

మనోవికాస్ నగర్‌లో ఒక జాతీయ సంస్థ ఉంది. 1984లో మొదలైంది. ఇప్పటి పేరు ఎన్‌ఐఈపీఐడీ. పాతకాలం వాళ్లు ఎన్‌ఐఎంహెచ్ అనేవారు. మేధోపరమైన వైకల్యం ఉన్న పిల్లలకు, పెద్దలకు సేవ చేసే సంస్థ. అలాంటి పిల్లలకు చదువు చెప్పే టీచర్లకు శిక్షణ ఇచ్చే సంస్థ.

ఆ ప్రత్యేక విద్యలో ఒక పద్ధతి ఉంది. ఏ పనినైనా చిన్న చిన్న భాగాలుగా విడదీస్తారు. పళ్లు తోముకోవడం మనకు ఒకటే పని. వాళ్లకు అది ఎన్నో పనులు. బ్రష్ తీయడం. తడపడం. పేస్టు మూత విప్పడం. కొంచెం వేయడం. మూత మళ్లీ పెట్టడం. ఇలా సాగుతుంది. పిల్లవాడికి ఏ భాగం వస్తుంది, ఏ భాగం దగ్గర ఆగిపోతున్నాడు అని గమనిస్తారు. ఆగిన చోట సాయం చేస్తారు. నేను ఇందాకటి నుంచి మూట విప్పండి అంటున్నది ఇదే. ఆ టీచర్లు ఎన్నో ఏళ్లుగా రోజూ చేస్తున్నది ఇదే.

అంతేకాదు. వాళ్ల దగ్గర ఇంకో ఉపాయం ఉంది. కొన్ని పనులను చివరి నుంచి మొదటికి నేర్పుతారు. పిల్లవాడికి చొక్కా తొడగడం చూడండి. చేతులు దూర్చి, చొక్కా సర్ది, చివరిది తప్ప మిగతా గుండీలన్నీ టీచరే పెడుతుంది. చివరి గుండీ ఒక్కటి పిల్లవాడి చేత పెట్టిస్తుంది. పని పూర్తిచేసింది పిల్లవాడే. అది వచ్చాక చివరి రెండు గుండీలు. ఆ తర్వాత మూడు. ఇలా వెనక్కి వెనక్కి వెళ్లి, ఒకనాటికి చొక్కా మొత్తం తనే వేసుకుంటాడు.

ఈ పద్ధతిని మన ఆఫీసుల్లోకి, దుకాణాల్లోకి తెచ్చుకోవాలని నా ఉద్దేశం. మొదటి చిత్తు ఏఐ రాస్తోందా? రాయనివ్వండి. కొత్తగా చేరిన అమ్మాయికి ఆ చిత్తు సరిచూసే చివరి పని ఇవ్వండి. పక్కన అనుభవమున్న మనిషి కూర్చోవాలి. ఇందులో తప్పెక్కడుంది, నీకెట్లా తెలిసింది అని అడగాలి. అది వచ్చాక దానికి ముందరి పని ఇవ్వండి. చివరికి ఏఐ లేకుండా మొదటి చిత్తు కూడా తనే రాయగలగాలి. రోజూ అట్లా రాయాలని కాదు. రాయగలిగిన మనిషే తప్పు పట్టగలుగుతుంది. మార్కెట్ దుకాణంలో చేరిన కుర్రవాడికీ ఇంతే. ముందు యంత్రం వేసిన తక్‌పట్టీని బండి పక్కన నిలబడి సరిచూడమనండి. తర్వాత కాయ చూడటం నేర్పండి. తర్వాత మనిషిని చూడటం నేర్పండి.

ఇలా నేర్పడానికి ఖర్చవుతుంది. పెద్దవాళ్ల సమయం పోతుంది. ఏఐ వల్ల మిగిలిన సమయంలో కొంత దీనికి ఇవ్వాలి. పని త్వరగా అవుతోంది కదా అని మనుషులను మాత్రమే తగ్గించుకునే యజమాని, పదేళ్ల తర్వాత తన దగ్గర సరిచూసేవాళ్లే లేరని గ్రహిస్తాడు.

ఇంకో మాట. ఆ ప్రత్యేక విద్య టీచర్ల మూట కూడా విప్పి చూడండి. రికార్డులు రాయడం, పాఠం ప్రణాళిక వేయడం, బొమ్మల కార్డులు తయారుచేయడం ఏఐ తీసుకోవచ్చు. తీసుకుంటే మంచిదే. పిల్లవాడి పక్కన కూర్చుని గుండీ దగ్గర అతని వేళ్లను పట్టుకునే పని మిగులుతుంది. అసలు పని అదే. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలు ఎంతమందికి ఒక ప్రత్యేక టీచరు ఉండాలో కేంద్రం నిర్ణయించాలని చెప్పింది. ఆ తర్వాత కేంద్రం ప్రాథమిక తరగతుల్లో 10 మందికి ఒక టీచరు, ప్రాథమికోన్నత తరగతుల్లో 15 మందికి ఒక టీచరు అని నిర్ణయించింది. అంటే దేశానికి ఇలాంటి టీచర్లు ఎంతోమంది కావాలి. మరి కోర్సుల గురించి మాట్లాడుకునేటప్పుడు ఎన్ని ఇళ్లలో ఈ చదువు పేరు వినిపిస్తుంది? వినిపించాలి. గౌరవంతో వినిపించాలి. జీతాలు కూడా ఆ గౌరవానికి తగ్గట్టు ఉండాలి.

యంత్రం ఇదివరకే చేయి పెట్టిన మూట ఒకటి చూద్దాం. ఇంతకుముందు హైదరాబాద్‌లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అనే పని బాగా నడిచింది. గుర్తుందా? అమెరికా డాక్టర్లు మాటల్లో చెప్పి రికార్డు చేసినదాన్ని, ఇక్కడ మనవాళ్లు విని టైపు చేసేవాళ్లు. అమీర్‌పేటలో, సికింద్రాబాద్‌లో శిక్షణ కేంద్రాల బోర్డులు కనిపించేవి. తర్వాత మాటను రాతగా మార్చే సాఫ్ట్‌వేర్ వచ్చింది. టైపు చేసేవాళ్లు సాఫ్ట్‌వేర్ రాసినదాన్ని దిద్దేవాళ్లయ్యారు. ఆ మూటలో రెండు పనులున్నాయి. ఒకటి వేళ్ల వేగం. రెండోది జబ్బుల పేర్లు, మందుల పేర్లు, శరీర భాగాల పేర్లు తెలియడం. వేగం మీదే ఆధారపడ్డవాళ్లకు దారి ఇరుకైంది. రెండోది గట్టిగా నేర్చుకున్నవాళ్లకు మెడికల్ కోడింగ్, అంటే జబ్బులకు, చికిత్సలకు కోడ్‌లు వేసే పని, లాంటి వాటిలోకి వెళ్లే వీలు దొరికింది. ఇప్పుడు ఆ కోడింగ్‌లోకి కూడా ఏఐ వచ్చింది. మళ్లీ మూట విప్పాల్సిందే.

యంత్రాల మీద చేసే చేతి పనుల్లోనూ ఇంతే. బోయిన్‌పల్లి దాటితే బాలానగర్. అక్కడ 1968 నుంచి కేంద్ర టూల్ డిజైన్ సంస్థ, సీఐటీడీ, పనిచేస్తోంది. చుట్టూ చిన్న వర్క్‌షాపులున్నాయి. లేత్ మీద చేత్తో తిప్పిన పనిని కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ యంత్రం తనంతట తానే చేస్తోంది. దానికి ప్రోగ్రామ్‌ను కూడా సాఫ్ట్‌వేరే రాసిపెడుతోంది. అయినా కొత్త ఆర్డర్ మొదటి పీసు బయటికి రాగానే మైక్రోమీటర్ పట్టుకుని కొలిచేది మనిషే. సరిగ్గా లేకపోతే టూల్ అరిగిందా, పట్టు వదులైందా, ప్రోగ్రామ్‌లో తప్పుందా అని తేల్చేదీ మనిషే. తెలంగాణ ప్రభుత్వం 2024లో టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను కొత్త యంత్రాలతో మార్చే పని మొదలుపెట్టింది. పదో తరగతి తర్వాత ఐటీఐ అంటే మొహం ముడుచుకునే తల్లిదండ్రులు ఒకసారి వెళ్లి ఆ వర్క్‌షాపు చూసి రండి. చూశాక నిర్ణయించుకోండి.

ఇప్పుడు మీరు ఇంట్లో చేయాల్సిన పని చెబుతాను. ఒక కాగితం తీసుకోండి. నిన్న ఆఫీసులోనో, దుకాణంలోనో మీరు చేసిన పనులన్నీ వరుసగా రాయండి. పొద్దున వెళ్లిన దగ్గర్నుంచి రాయండి. ఉద్యోగం పేరు రాయొద్దు. పనులే రాయండి. ఒక్కో పని దగ్గర ఆగి ఇలా అడగండి. ఈ పనిని కొత్తవాడికి నాలుగు నిమిషాల్లో మాటలతో చెప్పేయగలనా? చెప్పగలిగితే యంత్రానికీ చెప్పగలరు. అది వెళ్లిపోయే పని. ఈ పనిలో తప్పు జరిగితే ఎవరిని నిలదీస్తారు? మిమ్మల్నే అయితే, ఆ పని తొందరగా పోదు. ఈ పనికి చేయి, కన్ను, ముక్కు, ఎదుటి మనిషి కావాలా? కావాలంటే అదీ తొందరగా పోదు. వెళ్లిపోయే పనులకు గుర్తు పెట్టండి. మీ రోజులో ఎక్కువ భాగం గుర్తు పెట్టినవే ఉంటే, ఇవాళ్టి నుంచే గుర్తు లేనివాటివైపు జరగాలి. పైవాళ్లను అడిగి అయినా ఆ పనుల్లో చేయి పెట్టాలి.

ఒకరి కాగితం చూసి నమ్మకం కుదరకపోతే, అదే పని చేసే ఇంకొకరి కాగితంతో పోల్చి చూడండి. మనం గమనించని పనులు పక్కవాళ్ల కాగితంలో కనిపిస్తాయి.

ఏఐని వాడటం కూడా నేర్చుకోండి. భయపడి దూరంగా ఉంటే ఏం లాభం లేదు. ఫోన్‌లోనే తెలుగులో అడగొచ్చు. మీకు బాగా తెలిసిన విషయం అడగండి. మీ ఊరి గురించి అడగండి. మీ వృత్తి గురించి అడగండి. ఎక్కడ బాగా చెబుతుందో, ఎక్కడ లేనిది కల్పించి చెబుతుందో మీకే తెలుస్తుంది. తెలియని విషయంలో దాన్ని ఎంతవరకు నమ్మాలో అప్పుడు అంచనా వస్తుంది. పిల్లలకు ఎక్కాలు, చదివి అర్థం చేసుకోవడం, సొంతంగా నాలుగు వాక్యాలు రాయడం మానిపించకండి. యంత్రం చేస్తుంది కదా అని వదిలేస్తే, 140కి, 1,400కి తేడా కనిపెట్టే కన్ను వాళ్లకు రాదు.

పిల్లలను చేర్పించడానికి కాలేజీకి వెళ్లినప్పుడు ప్యాకేజీ ఎంత అని అందరూ అడుగుతారు. మీరు ఇంకో రెండు ప్రశ్నలు అడగండి. మా అమ్మాయి ఈ నాలుగేళ్లలో ఏ నిజమైన పనిని మొదటి నుంచి చివరిదాకా తన చేత్తో పూర్తిచేస్తుంది? ఏఐ చేసిన పనిలో తప్పు పట్టడం ఎవరు నేర్పుతారు, ఏ తరగతిలో? సూటిగా జవాబు చెప్పే కాలేజీ పేరు రాసుకోండి. జవాబు దాటవేస్తే భవనం ఎంత పెద్దదైనా పక్క కాలేజీకి వెళ్లి అవే రెండు ప్రశ్నలు అడగండి.